‘అన్నా, పర్మిషన్ అక్కర్లేదు’ అంటే నమ్మకండి

ఇంగ్లండ్‌లో పాత ఇల్లు కొన్నవాళ్ళకీ, కొనబోయేవాళ్ళకీ రాస్తున్నా. ఇవాళ పొద్దున్నే మా ఇంటి కొత్త కిటికీల గురించి కౌన్సిల్ ఉత్తరం వచ్చింది. ఒళ్ళు మండుతోంది, తప్పులుంటే సర్దుకోండి.

ఆ కిటికీల కంపెనీ పేరు రాయను. పండగ పండక్కీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఆఫర్ పెట్టేవాళ్ళే, మీకు తెలిసే ఉంటుంది. మాది విక్టోరియా కాలం నాటి ఇటుక ఇల్లు, కన్సర్వేషన్ ఏరియాలో, అంటే పాత రూపు కాపాడాలని కౌన్సిల్ గుర్తించిన పేటలో ఉంది. ముందువైపు ఐదు చెక్క కిటికీలు, పైకీ కిందికీ జరిపేవి. చలికాలం వస్తే సందుల్లోంచి ఈదురుగాలి. సరే, మార్చేద్దామనుకున్నాం.

కొలతలకి వచ్చినవాడు మనవాడే, గుంటూరట. మా ఆవిడ జంతికలు పెడితే అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాడు. పర్మిషన్ ఏదో కావాలంటారు కదా అని నేను అడిగాను కూడా. ‘అయ్యో అన్నా, అది లిస్టెడ్ బిల్డింగులకి, చారిత్రకమని జాబితాలో పెట్టినవాటికి. పైగా మేం ఫెన్సా సర్టిఫికెట్ ఇస్తాం, ఇంకేం కావాలి?’ అన్నాడు. అన్నా అన్నాడు కదా, కరిగిపోయాను. ఏడు వేల చిల్లర పౌండ్లు. ఒక్క రోజులో తెల్లటి ప్లాస్టిక్ కిటికీలు బిగించి వెళ్ళారు.

ఫెన్సా కాగితం బిల్డింగ్ రెగ్యులేషన్లకి, అంటే పని ప్రమాణాల నియమాలకి మాత్రమేనట. ప్లానింగ్‌కీ, అంటే ఇంటి బయటి రూపు మార్చే అనుమతికీ, దానికీ సంబంధమే లేదు. కన్సర్వేషన్ ఏరియాలో కూడా మామూలు ఇంటికి, పాతవాటిలాగే కనిపించే కిటికీలైతే, సాధారణంగా దరఖాస్తు అక్కర్లేదు. కానీ మా వీధికి ఆర్టికల్ 4 డైరెక్షన్ ఉంది, అంటే అలాంటి వెసులుబాటు తీసేస్తూ కౌన్సిల్ ఇచ్చే ఆదేశం. దాంతో ఆ వెసులుబాటు పోయింది; వీధివైపు కిటికీ మార్చాలంటే అప్లికేషన్ పెట్టాల్సిందే. ఎవరు చెప్పారో, కౌన్సిల్ ఆఫీసర్ వచ్చి ఫొటోలు తీసుకుంది. 528 పౌండ్లు కట్టి ఇప్పుడు అప్లికేషన్ పెట్టా. తిరస్కరించారు. అవి పీకేసి చెక్కవి పెట్టాలి, లేకపోతే ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసు, అంటే సరిచేయమని చట్టప్రకారం ఇచ్చే ఆదేశం. ఆ నోటీసునీ ఖాతరు చేయకపోతే నేరం. నాలుగేళ్ళు నోరు మూసుకుంటే చాలు, ఆ తర్వాత కౌన్సిల్ ఏమీ చేయలేదు అనే సలహా ఇవ్వబోయేవాళ్ళకి: 2024 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో ఆ గడువు పదేళ్ళు.

ఆ కిటికీలవాడికి ఫోన్ చేశాను.

‘సర్, ప్లానింగ్ పర్మిషన్ కస్టమర్ చూసుకోవాలి సర్. కాంట్రాక్టు వెనకపేజీలో ఉంది, చదవలేదా సర్?’

సర్! జంతికలు తినేటప్పుడు అన్నని, ఉత్తరం వచ్చేసరికి సర్‌ని. ‘ఆ రోజు అక్కర్లేదన్నది నువ్వే కదయ్యా’ అంటే, ‘రాసిచ్చానా సర్?’ అన్నాడు. పక్కనెవరో కిసుక్కున నవ్వడం వినపడింది. పోనీ మా పాత కిటికీలైనా వెనక్కివ్వమన్నాను. ‘అవెప్పుడో స్కిప్‌లో, చెత్త తొట్టిలో పోయాయి సర్, అంత చెత్త ఎవరు దాచుకుంటారు?’ వందేళ్ళు దాటిన కలప అది. బాగుచేయించి, గాలి రాకుండా పట్టీలు వేయించి, లోపలివైపు ఇంకో అద్దం బిగించుకుంటే సరిపోయేదని ఆఫీసరమ్మ చెప్పింది. లోపలి అద్దానికి మా ఇంటికైతే పర్మిషన్ కూడా అక్కర్లేదట. ఆ మాట విన్నప్పటినుంచీ డబ్బుకన్నా ఆ కిటికీలే గుర్తొస్తున్నాయి.

ఇక నా తెలివి. ఇల్లు కొన్నప్పుడు సొలిసిటర్, అంటే మా లాయరు, ఇంటి వివరాలు కౌన్సిల్‌లో వాకబు చేసి పంపిన సెర్చ్ రిపోర్టులో ఆర్టికల్ 4 అని స్పష్టంగానే ఉంది. తాళాల తొందరలో ఎవరు చదివారు? అదీ పోనీ, మా వీధిలో ఒక్క ఇంటికీ ప్లాస్టిక్ కిటికీ లేదు. రోజూ స్టేషన్‌కి నడిచే వీధే. ఎందుకు లేదో ఒక్కసారి కూడా అనుకోలేదు, మహానుభావుణ్ణి.

కిటికీ, తలుపు, ముందు గోడ, ఏది ముట్టుకోవాలన్నా ముందు కౌన్సిల్‌కి రాసి, జవాబు రాతలో తీసుకోండి. ఖాయంగా కావాలంటే లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్‌కి, అంటే ఆ పని చట్టబద్ధమేనని కౌన్సిల్ ఇచ్చే పత్రానికి పెట్టుకోండి. లిస్టెడ్ ఇల్లయితే ఇంకా కష్టం, అనుమతి లేకుండా మార్చడమే నేరం, నోటీసు దాకా కూడా ఆగదు.

పాతకాలం చెక్క కిటికీలు చేసే మంచి వడ్రంగి ఎవరైనా తెలిస్తే చెప్పండి. మనవాడే అయి ఉండక్కర్లేదు.