చేపల జాడ చెప్పే మెసేజ్: మూడేళ్లు వాడాక నా మాట

మాది భీమిలి దగ్గర పల్లె. నాన్నకి ఇంజను పెట్టిన ఫైబర్ బోటు ఉంది. నేను విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్నా ఇంట్లో ఫోన్‌కి సంబంధించిన పనులన్నీ నావే, కరెంటు బిల్లు దగ్గర్నుంచి చేపల మెసేజ్ దాకా. ఈ చేపల మెసేజ్ ఏమిటో తెలియని వాళ్లకి: హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అని సముద్రం మీద పనిచేసే కేంద్ర సంస్థ ఉంది, 1999లో పెట్టారు. వాళ్లు ఉపగ్రహాలతో నీటి వేడినీ రంగునీ చూసి, రేపు ఏ దిక్కున చేపలు దొరికే అవకాశం ఉందో రేవుల వారీగా చెప్తారు. పైసా కట్టక్కర్లేదు. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం గురించి చెప్తారేంట్రా అని మా వీధిలో చాలాకాలం నవ్వుకున్నారు.

మొదటిసారి చదివి వినిపించినప్పుడు నాన్న, "ఏట్రా ఇది, సముద్రానికి అడ్రస్సు రాసి పంపిస్తన్నారా?" అన్నాడు. నిజంగా అడ్రస్సే. మన రేవు నుంచి ఏ దిక్కు, ఎన్ని డిగ్రీలు, ఎన్ని కిలోమీటర్ల నుంచి ఎన్ని కిలోమీటర్ల దాకా, అక్కడ లోతెంత, చివర అక్షాంశం, రేఖాంశం, ఏ తేదీ దాకా పనికొస్తుందో కూడా. ఇందులో మంత్రమేమీ లేదు. చల్లనీళ్లు, వెచ్చనీళ్లు కలిసే చోట నాచులాంటి సన్నటి జీవాలు పెరుగుతాయి, వాటికోసం చిన్న చేప, చిన్న చేపకోసం పెద్ద చేప వస్తాయి. నాన్న నీటి రంగు చూసి, పిట్టలు ఎక్కడ వాలుతున్నాయో చూసి కట్టే లెక్కే ఇది, కాకపోతే పైనుంచి చూసి కడతారు.

ఇప్పుడు నా తెలివితక్కువ పని చెప్తాను, ఎందుకంటే అసలు రివ్యూ అక్కడే ఉంది. మొదటి నెలలో ఒకరోజు మెసేజ్‌లో 17 డిగ్రీల 52 నిమిషాల 30 సెకన్లు అని ఉంటే నేను జీపీఎస్‌లో 17.5230 అని కొట్టేశాను. రేఖాంశం కూడా అలాగే. చుక్క ముందు ఉన్నది డిగ్రీ, తర్వాతవన్నీ వరసగా రాసుకుంటూ పోవడమే అనుకున్నా. కానీ 52 నిమిషాల 30 సెకన్లంటే డిగ్రీలో 0.875, అంటే కొట్టాల్సింది 17.875. రెండు వైపులా ఆ తప్పు చేస్తే చేరే చోటు అసలు చోటికి సుమారు 50 కిలోమీటర్ల దూరం! నాన్నా ఇద్దరు కలాసీలూ అక్కడిదాకా వెళ్లి, ఉత్త వల లాగి, డీజిల్ కాల్చుకుని తిరిగొచ్చారు. ఆ రాత్రి ఇంట్లో జరిగిన సంభాషణ ఇక్కడ రాయలేను. ఉపగ్రహం తప్పు లేదు, మెసేజ్ తప్పు లేదు, చదవడం రాని నాది తప్పు.

తర్వాత ఊళ్లో కమ్యూనిటీ హాల్లో ఒక అవగాహన సమావేశం పెట్టారు. నేను సెలవు పెట్టి మరీ వెళ్లాను. చెప్పడానికి వచ్చిన అమ్మాయి తెర మీద బొమ్మలు చూపించడం పావుగంటలో ముగించేసి, "మీ జీపీఎస్‌లు తెచ్చారా?" అని అడిగింది. ఆరేడుగురు ఇంటికెళ్లి తెచ్చారు. ఒక్కో దాంట్లో సెట్టింగ్ ఒక్కోలా ఉంది. గడియారంలో గంటకి అరవై నిమిషాలు ఎలాగో డిగ్రీకి కూడా అలాగే అని చెప్పి, అందరి చేతా కొట్టించింది. పావురాళ్ల కొండని గురుతు పెట్టుకుని దిక్కు చూసుకునే మా పెద్దాళ్లకి ఆ కొండ నుంచే డిగ్రీలు లెక్కపెట్టి చూపించింది. ఇన్నేళ్ల పరిశోధన, ఉపగ్రహాలు, అంత పెద్ద కంప్యూటర్లు, అన్నీ మా ఊరికి వచ్చి చేరింది ఆ రెండు గంటల్లోనే అని నా నమ్మకం. ఇన్‌కాయిస్ ఆవరణలో యునెస్కో గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రం కూడా ఉంది, హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలవాళ్లు వచ్చి నేర్చుకుంటారు. మంచిదే. అయితే నాకు కావాల్సింది అలాంటి హాలు సమావేశాలు ఏడాదికోసారి కాకుండా ప్రతి రేవులో రెండు నెలలకోసారి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కదా, అప్పుడు చేపల మెసేజ్ ఎలాగూ రాదు, బోట్లన్నీ ఒడ్డునే, జనమంతా వలలు బాగుచేసుకుంటూ ఇంటి దగ్గరే. పాఠం చెప్పడానికి అంతకంటే మంచి కాలం ఏది?

లాభం ఎంత అంటే, కవళ్లు, కానాగంతలు, టూనా లాంటి నీటి పైభాగంలో తిరిగే చేపలకి బాగా పనికొస్తుంది. అడుగున ఉండే రొయ్యల కోసం వెళ్లేవాళ్లకి పెద్దగా కాదు, ఆశపడొద్దు. మబ్బు పట్టిన రోజుల్లో ఉపగ్రహానికి నీటి వేడి కనపడదు కాబట్టి మెసేజ్ ఉండకపోవచ్చు. మెసేజ్ చెప్పిన ప్రతిసారీ వల నిండదు. కానీ వెతుకులాట తగ్గింది, వెతుకులాట తగ్గితే డీజిల్ తగ్గినట్టే. మా దగ్గర ముందు డీజిల్, ఐసు ఖర్చు తీసేసి మిగిలింది వాటాలు వేస్తారు, అందుకని డీజిల్‌లో మిగిలేది బోటు యజమాని జేబులోకే పోదు, కలాసీకీ వస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే. 2020లో ఎన్‌సీఏఈఆర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ ఒక లెక్క కట్టింది: వాతావరణ అంచనాల మీదా సూపర్ కంప్యూటర్ల మీదా ప్రభుత్వం పెట్టిన ప్రతి రూపాయికీ రైతులకీ మత్స్యకారులకీ కలిపి 50 రూపాయల మేలు అని. పెద్ద అంకెలు చూస్తే నాకు కొంచెం అనుమానమే, ఆ యాభైలో మా కలాసీ చేతికి ఎన్ని రూపాయలు వచ్చాయో కూడా రాస్తే బాగుండేది.

ఇబ్బంది ఇంకోటుంది. మెసేజ్ అందరికీ ఒకటే. మంచి చోటు పడిందంటే చుట్టుపక్కల బోట్లన్నీ అక్కడే, సాయంత్రం ఒడ్డుకి అందరూ ఒకే చేప తెస్తే రేటు పడిపోతుంది. దానికి ఇన్‌కాయిస్ ఏం చేస్తుంది, ఐసు, గోదాము మనమే చూసుకోవాలి.

అన్నట్టు, చేపల కంటే అలల కబురు ఎక్కువ విలువైనదని నా లెక్క. 2004 డిసెంబరు 26 మా పల్లెల్లో ఎవరూ మర్చిపోరు. ఆ తర్వాత 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టింది కూడా ఈ ఇన్‌కాయిస్‌లోనే. గాలి, అలల ఎత్తు ముందే చెప్తారు, అమ్మకి టెన్షన్ తగ్గింది దానివల్లే. కాకపోతే ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే ఫోన్ సిగ్నల్ ఉండదు, లోపలికి వెళ్లాక కబురు మారితే తెలియదు. దానికోసం 2019లో జెమిని అని ఉపగ్రహం నుంచి సందేశం అందుకుని ఫోన్‌కి ఇచ్చే చిన్న పరికరం తెచ్చారు. అది వినడానికే, మనం తిరిగి మాట్లాడటానికి కాదు. ఫోన్లో చూసుకోవాలంటే సముద్ర అని వాళ్ల యాప్ ఉంది.

ఐదుకి మార్కులు: అలల కబురుకి నాలుగున్నర, చేపల కబురుకి మూడున్నర, నేర్పించడానికి నాలుగు, అదీ ఆ అమ్మాయి వల్ల.

ఆ అమ్మాయే వెళ్తూ వెళ్తూ ఒకటి అడిగింది, చెప్పిన చోట చేప పడిందో లేదో మాకు తిరిగి చెప్పండి, అప్పుడే మా లెక్క సరిపోతోందో లేదో తెలుస్తుంది అని. న్యాయమైన మాట. కానీ మా వాళ్లలో తనకి చేప పడిన చోటు పక్క బోటువాడికి చెప్పినవాడు లేడు, అన్నకి తమ్ముడే చెప్పడు. నేను ఫారం నింపుతానంటే నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "చెప్దాంలే. ఈరోజు కాదు, ఎల్లుండి" అన్నాడు.