గులాబీ పురుగు తల్లా, వడ్ల చిలుకా? రంగు, రెక్క, మీసం: ఏ గుర్తు మేలు?

వరంగల్ పల్లెల్లో ఏరిన పత్తి, వడ్ల బస్తాలు ఒకే గదిలో ఉండటం మామూలే. రాత్రి బల్బు చుట్టూ తిరిగే సెంటీమీటరు లోపు రెక్కల పురుగు పత్తిదా, వడ్లదా? రెండూ గెలెఖిడే కుటుంబానివే కాబట్టి పోలిక ఎక్కువ. పత్తిది గులాబీ పురుగు (పెక్టినోఫోరా గాసిపియెల్లా), వడ్లది వడ్ల చిలుక (సిటోట్రోగా సెరియలెల్లా).

అందరూ ముందు చూసేది రంగు. గులాబీ రంగు కాయలోని లార్వాది. తల్లి పురుగుకు, అంటే ఎదిగిన రెక్కల పురుగుకు, ఆ రంగే లేదు. దాని ముందు రెక్కలు బూడిద కలిసిన గోధుమ రంగు, మీద నల్లటి మరకలు. వడ్ల చిలుకది ఎండుగడ్డి రంగు. తాజా పురుగైతే ఇంతే చాలు. కానీ వేళ్లతో నలిపినా, చేలో పురుగులను పట్టే లింగాకర్షక బుట్ట సంచిలో రాత్రంతా కొట్టుకున్నా పొలుసులు రాలి రెండూ ఒకేలా మాసిపోతాయి. ముందు రెక్కల మీద ఆకుపచ్చ పట్టీ ఉంటే మాత్రం అనుమానమే అక్కర్లేదు, అది మచ్చల పురుగు. కుటుంబమే వేరు, నోలిడే.

మాసిన పురుగుకు వెనక రెక్కే నమ్మకం. పురుగును చిన్న సీసాలో వేసి గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టండి. తెల్ల కాగితం మీద వెల్లకిలా పడేసి, సూదితో వెనక రెక్క విప్పి, 10 రెట్ల లెన్స్‌తో చూడండి. గులాబీ పురుగుకు వెనక రెక్క ముందు రెక్క కన్నా వెడల్పు, వెండి బూడిద రంగు. వడ్ల చిలుకకు అది సన్నగా ఉండి, కొస వేలిలా ఒక్కసారిగా మొనదేలుతుంది. అంచు కుచ్చు రెండింటికీ ఉంటుంది, అది చూసి తేల్చేస్తే తప్పే. ఎండిన పురుగు రెక్క విప్పితే విరుగుతుంది, తెల్లవారే చూడాలి.

మూడోది మీసం. పెక్టినోఫోరాకు మీసం మొదటి కణుపు మీద దువ్వెన పళ్లలా అయిదారు బిరుసు వెంట్రుకలుంటాయి. పేరులోని ‘పెక్టెన్’ అంటే దువ్వెనే. పుస్తకంలో ముచ్చటైన గుర్తు. చేతి లెన్స్‌కు సరిగా అందదు, పైగా ఆ వెంట్రుకలు ఊడిపోతాయి కూడా.

చేలో లింగాకర్షక బుట్టల సంగతి వేరు. గాసిప్లూర్ (ఆడ గులాబీ పురుగు వాసనను పోలిన రసాయనం) ఎరకు వచ్చేవి ఎక్కువగా గులాబీ పురుగు మగవే. అక్కడ లెక్కే ముఖ్యం: బుట్టకు రాత్రికి 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే మందు ఆలోచన చేయాలి. లెక్కకు జిగురు అట్ట మేలు. రెక్క విప్పి చూడాలంటే సంచి బుట్టే వాడాలి, జిగురులో వెనక రెక్క అంటుకుపోతుంది.