అమ్మే ముందు నాన్న ఆర్‌ఎక్స్ 100 బాగుచేయించిన షాపు గురించి

మా నాన్న 1994 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100ని అమ్మే ముందు సికింద్రాబాద్‌లో ఒక చిన్న మెకానిక్ షాపులో ఇచ్చాను, ఇంజిన్ పని మాత్రం సూపర్. సిలిండర్ బోరింగ్ (అరిగిన లోపలి గోడని తొలిచి సమం చేయడం) చేయించి కొత్త పిస్టన్ వేశారు, సైలెన్సర్‌లో పేరుకున్న మసంతా తీశారు, ఇక ఇంజిన్‌కి ఆయిల్ అందించే పంపు పీకేసి టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజిన్లకి వాడే ఆయిల్) పెట్రోల్‌లోనే కలుపుకోమని చాలామంది చెప్తారు కదా, ఈయన ఆ పంపునే సరిచేసి, కేబుల్ సెట్ చేసి నా కళ్ళముందే చూపించారు. ఒక్క కిక్కుకే స్టార్ట్! ఆ 98 సీసీ శబ్దం వింటే ప్రాణం లేచొచ్చింది. క్రోమ్ పని మూడు వారాలు ఆలస్యం, అదొక్కటే టెన్షన్.

కొనడానికొచ్చినాయన ముందు ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో పోల్చుకున్నాడు. 15 ఏళ్లు దాటిన బండి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ ముందే చేయించి ఉంచండి, లేకపోతే బేరం అక్కడే ఆగిపోతుంది. షాపు బిల్లులు చూశాక ఆయన ధర తగ్గించమనలేదు. తాళం ఇచ్చేటప్పుడు నాన్న చాలాసేపు ట్యాంకు మీద చెయ్యి తీయలేదు.