ముఖం గీరుకుపోతే సోఫ్రామైసినా, వాసెలినా?

బండి జారి చెంప గీరుకుపోయినా, గడ్డం చేసుకుంటూ తెగినా, మొటిమ గిల్లి పచ్చి చేసుకున్నా అనంతపురంలో నన్ను అడిగేది ఒకటే: సోఫ్రామైసిన్ రాయాలా, వాసెలిన్ సరిపోతుందా?

ముందు కడగాలని అందరికీ తెలుసు. కాకపోతే అద్దం ముందు నిలబడి తీరిగ్గా కడగండి. ఇసుక రేణువు లోపలే ఉండిపోతే చర్మం దాని మీదే మూసుకుని నల్లచుక్క మిగులుతుంది.

సోఫ్రామైసిన్‌లో ఉండేది ఫ్రామైసెటిన్ అనే యాంటీబయాటిక్. చీము పట్టిన గాయానికి డాక్టరు రాస్తే వాడాల్సిందే. శుభ్రంగా కడిగిన చిన్న గీరుకు మాత్రం దాంతో ఒరిగేది తక్కువ. అమెరికాలో చర్మానికి చిన్న ఆపరేషన్లు చేయించుకున్న 900 మందికి పైగా రోగుల్లో కొందరికి యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్, కొందరికి ఉత్త పెట్రోలియం జెల్లీ (వాసెలిన్ అంటే ఇదే) రాసి చూశారు. 1996లో ఫలితాలు అచ్చయ్యాయి: ఇన్ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా నియోమైసిన్ అనే యాంటీబయాటిక్, దాని కుటుంబానికే చెందిన ఫ్రామైసెటిన్ కొందరి ఒంటికి పడవు. ఎర్రబడి దురద పెడితే, గాయం ముదిరిందనుకుని ఇంకాస్త దట్టంగా పూసేవాళ్లున్నారు!

నా ఓటు వాసెలిన్‌కే. కారణం మన గాలి. దేశంలోనే వానలు బాగా తక్కువ పడే జిల్లా మనది. మార్చి దాటితే పెదవులే పగులుతాయి, ఇక పచ్చి గాయం సంగతి చెప్పాలా? "గాలి తగలనీ, అదే ఎండిపోతుంది" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ఎండితే మానినట్టు కాదు. ఎండి బిగుసుకున్న నేలలోకి వేరుశనగ ఊడలు దిగనట్టే, గట్టి పక్కు కింద కొత్త చర్మం సులువుగా పాకలేదు. తడి ఆరకుండా కప్పి ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంగా పరుచుకుంటుందని జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు 1962లోనే పందుల మీద చూపించాడు. అసలే చెంప మీద పక్కు. జొన్నరొట్టె నమిలినప్పుడల్లా పగిలి నెత్తురు చిమ్ముతుంది.

ఇంటిల్లిపాదీ వేళ్లు పెట్టిన డబ్బా వద్దు, కొత్త ట్యూబు కొనండి. పలుచగా, గాయం వరకే రాయండి. మొటిమల ముఖమైతే చుట్టుపక్కల పూయొద్దు.

వంటింటి పసుపు గాయానికి వాడేంత శుభ్రంగా ఉండదు, ఎరుపునూ కప్పేస్తుంది. కొబ్బరినూనెతో పెద్ద ఇబ్బంది లేదు. టూత్‌పేస్టు అసలొద్దు. బెట్నోవేట్ అయితే స్టెరాయిడ్: మానడాన్ని ఆలస్యం చేస్తుంది, అలవాటుగా పూస్తే ముఖం చర్మం పలచబడుతుంది.

చర్మం మూసుకున్నాక అసలు శత్రువు ఎండ. మన రంగు చర్మానికి మచ్చ త్వరగా నల్లబడుతుంది, నెలల తరబడి పోదు. బయటికెళ్తే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకోండి. గాయం ఇంకా పచ్చిగా ఉంటే టోపీ, గొడుగే.

నోరు తెరుచుకున్న గాయం, కంటి దగ్గరి గాయం డాక్టరు చూడాల్సినవే. కుక్కో పిల్లో గీరితే ఈ చర్చే అనవసరం: సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి.