తులసి సీసా: మూడు వేసవులు వాడాక

కాయలకు పురుగు పట్టించే పండు ఈగల కోసం నూరిన తులసి ఆకులు, కాస్త నీళ్ళు వేసిన పాత నీళ్ళ సీసాను మొదటిసారి మామిడి కొమ్మకు కట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. కాఫీ తాగి వచ్చేసరికే నాలుగు పండు ఈగలు సీసా కన్నాల దగ్గర తచ్చాడుతున్నాయి. మర్నాడు వడపోసి లెక్కపెడితే నలభై మూడు! నూజివీడు వైపు మా పెరట్లో ఉన్నది ఒక్కటే చిన్న రసాల చెట్టు. ఏటా సగం కాయలు పురుగుపట్టి పోయేవి. మందు చల్లకుండా, రూపాయి ఖర్చు లేకుండా ఇన్ని ఈగలు పడ్డాయంటే నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. కనిపించిన వారందరికీ చెప్పాను.

సీసాకు కన్నాలు పెట్టడం అందరికీ తెలిసిన పనే. నేను అనుభవం మీద నేర్చుకున్నవి రెండున్నాయి. నూరిన ఆకులో చిటికెడు నిమ్మ ఉప్పు కలిపితే త్వరగా కుళ్ళదు. గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు తప్పక వేయాలి. అవి లేకపోతే ఈగలు నీటిమీద నిలబడి మళ్ళీ ఎగిరిపోతాయి. కోటలోని తులసిని తుంచడానికి మా అత్తయ్య ఒప్పుకోలేదు. ఆమె మాట న్యాయమే కనుక ఇందుకోసం విడిగా రెండు తొట్లలో పెంచుకున్నాను.

ఆ ఏడు వానలు మొదలయ్యాక అవే సీసాలు మూడు మేడమీద కాకర పాదుల మధ్య వేలాడదీశాను. అక్కడా ఈగలు బాగానే పడ్డాయి. ఇక కాకరకు దిగులు లేదనుకున్నాను. వేపుడుకని పదకొండు కాయలు కోసి చీల్చితే ఏడింటిలో తెల్లటి పురుగులు కదులుతున్నాయి. పైకి చూస్తే ఒక్కొక్క కాయ మీద చిన్న గాటు, దాని చుట్టూ కాస్త వంకర, అంతే. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. సీసా నిండా ఈగలు చచ్చి ఉంటే కాయ నిండా ఈ పురుగులు ఎక్కడివి?

మర్నాడు పొద్దున్నే మా పిల్లవాడి భూతద్దం తీసుకుని పాదు దగ్గర కూర్చున్నాను. కాసేపటికి ఒక ఈగ వచ్చి బొటనవేలంత పిందె మీద వాలి తోక సూదిని లోపలికి దించింది. రెక్కల చివర గోధుమరంగు మచ్చ స్పష్టంగా ఉంది. సీసాలోని వాటిని తెల్ల కాగితం మీద పరిచి చూస్తే ఏ ఒక్కదాని రెక్కకూ ఆ మచ్చ లేదు. రెండు రకాలనూ అగ్గిపెట్టెలో పెట్టుకుని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్ళాను. తులసిలో ఉండే మిథైల్ యూజెనాల్ అనే వాసన పదార్థం మామిడి మీద వాలే ఈగను పిలుస్తుందట. కాకర, దోస, పొట్లను పుచ్చబెట్టేది వేరే జాతి, అది క్యూ లూర్ అనే మరో ఎరకు వస్తుంది. నన్ను నిలువునా కుంగదీసిన మాట ఇంకొకటి: ఈ రెండు ఎరలకూ వచ్చేవి మగ ఈగలే. కాయను పొడిచి గుడ్లు పెట్టేది ఆడ ఈగ. నేను లెక్కపెట్టి మురిసిపోయిన నలభై మూడింటిలో ఒక్కటి కూడా మా కాయను కుట్టినది కాదు.

అప్పుడు మామిడి సంగతి కూడా మళ్ళీ ఆలోచించాను. సీసా కట్టిన మొదటి ఏడు కాయ బాగానే వచ్చిన మాట నిజమే. అయితే ఆ ఏడు చెట్టుమీద పండనివ్వకుండా పక్వానికి రాగానే కోసి గడ్డిలో మాగవేశాం. రాలిన కాయలను ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి ఎండలో పడేశాం కనుక వాటిలోని పురుగు మట్టిలోకి దిగే వీలు లేకపోయింది. రెండో ఏడు మే నెలంతా మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. సీసాలు కట్టే ఉన్నాయి, రాలిన కాయను ఎత్తినవారు లేరు. వచ్చి చూస్తే సగానికి సగం పురుగే. మగ ఈగలు ఎన్ని చచ్చినా చుట్టుపక్కల తోటల నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి. ఊరంతా కలిసి కడితే ఫలితం వేరుగా ఉంటుందేమో, నా ఒక్క చెట్టుకు మాత్రం సీసా ఒక్కటే చాలలేదు.

కాకరకు మగ్గిన అరటిపండు, బెల్లం పులియబెట్టి పెట్టాను. ఆడ ఈగలు కొన్ని పడ్డాయి. కానీ వాసన భరించలేం, వాన పడితే ఎర పలచబడుతుంది, చీమలు పట్టేస్తాయి. పసుపు జిగురు అట్టలు రెండు రోజులకే తీసేశాను, వాటికి తేనెటీగలు అంటుకుని కొట్టుకుంటుంటే చూడలేకపోయాను. చివరికి ఫలించింది పాత వార్తాపత్రిక. పిందె చిటికెన వేలంత ఉన్నప్పుడే కాగితం పొట్లం తొడిగి దారంతో వదులుగా కడుతున్నాను. వాన పడితే మార్చాలి. నావి ఎనిమిది తొట్లే కనుక, ఇంట్లో తీరిక ఉంది కనుక కుదురుతోంది. ఎకరాల్లో పండించేవారికి ఇది చెప్పే ధైర్యం నాకు లేదు.

తులసి సీసాను మాత్రం వదల్లేదు. మామిడికి ఒక్కటి కడతాను, ఈగలు ఎప్పుడు పెరుగుతున్నాయో తెలియడానికి రోజూ లెక్క రాసుకుంటాను. ఈ ఏడు మే మొదట్లో రోజుకు రెండో మూడో పడేవి. ఒక జల్లు పడిన తరువాత ఒక్క రోజులో ఇరవై దాటాయి. ఆ మర్నాడే మనిషిని చెట్టెక్కించి కాయంతా దింపించాను.