పాత 'భారతి' సంచికలు ఆన్‌లైన్‌లో చదవడం ఎలా ఉందంటే

'భారతి' అంటే పాత తెలుగు సాహిత్య మాసపత్రిక. అందరూ అడిగేది దాని స్కాన్ల గురించే కాబట్టి ముందు అదే చెప్తా. ఫ్రీ, లాగిన్ కూడా అడగలేదు, కానీ సెర్చ్ లేదు, ఏ నెల సంచికో ముందే తెలిస్తే తప్ప వ్యాసం దొరకడం కష్టం. నేను చూసిన సైట్‌లో ఒక పాత శాసనం (రాతి మీదో రాగిరేకు మీదో చెక్కిన రాత) గురించిన వ్యాసం మధ్యలో పేజీలే లేవు, ఉన్నచోట ఒత్తులు మసిపూసినట్టు కలిసిపోయి ఊరి పేరు కూడా చదవలేకపోయా. కథకైతే ఎలాగోలా సర్దుకోవచ్చు, శాసన పాఠంలో ఒక్క అక్షరం పోయినా పనికిరాదు కదా.

అయినా నాలుగు స్టార్లు ఇస్తున్నా, అవి పూర్తిగా పత్రికకే. అమృతాంజనంతో సంపాదించి ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే 1924 జనవరిలో మద్రాసులో దీన్నీ మొదలుపెట్టారు, 1938లో ఆయన పోయాక అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు నడిపారు, మొత్తానికి 1991 దాకా వచ్చింది. సాహిత్య పత్రికే కదా అని తెరిస్తే కథ, పద్యాలు, ఆ పక్కనే శాసనం, తాళపత్ర ప్రతుల మీద చర్చ. మల్లంపల్లి సోమశేఖర శర్మ, వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి పరిశోధకులు రాసిన పత్రిక మరి. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు తర్వాతి సంచికల్లో ఖండించడం కూడా కనిపిస్తుంది, నాకు అన్నిటికంటే నచ్చేది అదే, పండితులు మొహమాటపడకుండా వాదించుకుంటారు.

రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు 1930ల సంచికలు తప్పకుండా చూడండి. 1937 నవంబరులో కోస్తా, సీమ నాయకులు కూర్చుని, మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధాని, హైకోర్టు, కృష్ణా తుంగభద్ర పెన్నా నీళ్ల గురించి ఒప్పందం రాసుకున్నది మద్రాసులో పంతులుగారి ఇల్లు 'శ్రీబాగ్'లోనే. అది తెలిసి చదివితే పాత రాజవంశాల మీద ఆ రోజుల్లో అంత పట్టుగా ఎందుకు రాసేవాళ్లో నాకైతే బాగా అర్థమైంది, సొంత రాష్ట్రం కావాలని అడిగేవాళ్లకి సొంత చరిత్ర కూడా చేతిలో ఉండాలి. కాకపోతే ఇదంతా మద్రాసు నుంచి చూసిన చూపు, నిజాం రాజ్యంలో తెలుగువాళ్ల సంగతి కావాలంటే 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు పెట్టిన గోల్కొండ పత్రిక కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

ఫోన్‌లో మాత్రం వద్దు, పెద్ద స్క్రీన్ ఉంటేనే అక్షరాలు ఆనతాయి. వ్యాసం ఒక్కటే తీసుకోకుండా సంచిక మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి, ప్రకటనల పేజీలు కూడా వదలొద్దు.