మీడియం వేవ్‌లో ఆకాశవాణి: దశాబ్దాలుగా వింటున్న ఒక శ్రోత సమీక్ష

కేంద్రాల సంఖ్య, కార్యక్రమాల వేళలు, ఉదయపు సంకేత సంగీతం వంటివి రేడియో విన్న వారందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. ఊహ తెలిసినప్పటి నుంచి ఆకాశవాణిని విడవకుండా వింటున్న శ్రోతగా నేను చెప్పదలచుకున్నది ఒకే ఒక గుణం గురించి: చీకటి పడ్డాక మీడియం వేవ్ మీద, అంటే ఎఫ్ఎం కన్నా చాలా దూరం వెళ్లే పాత రేడియో బ్యాండు మీద, ముల్లు తిప్పుతూ పోతే పొరుగు భాషలు ఒకదాని తరువాత ఒకటి వినిపించడం. ఇన్ని భాషలున్న దేశంలో ప్రజల సొమ్ముతో నడిచే ప్రసార సంస్థ చేసిన పనులన్నింటిలోనూ నాకు ప్రాణమైనది ఇదే. ఈ ఒక్క కారణంగానే ఆ సంస్థకు చెందిన ఎన్నో లోపాలను ఇంతకాలం సహించాను.

నేను వినేది నెల్లూరు జిల్లా తీరప్రాంతంలో. పగటిపూట ఇక్కడ చెన్నై 720 కిలోహెర్ట్జ్ దగ్గర నిండుగా పలుకుతుంది, విజయవాడ 837 దగ్గర పలుచగా వస్తుంది, అంతకు మించి పెద్దగా ఏమీ ఉండదు. సూర్యుడు అస్తమించాక అయనావరణంలో, అంటే వాతావరణం పైభాగాన విద్యుదావేశం ఉండే పొరల్లో, అడుగున ఉండి మీడియం వేవ్ తరంగాలను మింగేసే పొర బలహీనపడుతుంది. అప్పుడు ఆ తరంగాలు పైపొరల మీద ప్రతిఫలించి వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. 612 దగ్గర బెంగళూరు, 738 దగ్గర హైదరాబాదు, 765 దగ్గర ధార్వాడ లేస్తాయి. విశాఖపట్నం 927, తిరుచ్చి 936 పక్కపక్కనే ఉండడం వల్ల ఒక్కోసారి తెలుగు పాట అంచున తమిళ ప్రసంగం తగులుతూ ఉంటుంది. ఇంకాస్త ఓపిక ఉంటే 972 దగ్గర కటక్ నుంచి ఒడియా కూడా దొరుకుతుంది. వీటిలో దేనినీ నేను ముందుగా ఎంచుకోలేదు. విజయవాడను వెతుక్కుంటూ వెళ్లే దారిలో అవే తగిలాయి.

ఈ అమరిక దానంతట అది ఏర్పడలేదు. 1927లో బొంబాయి, కలకత్తాలలో ప్రసారాలు మొదలుపెట్టిన ప్రైవేటు కంపెనీ మూడేళ్లలో మూతపడింది. దానిని ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. 1936లో ఆలిండియా రేడియో అనే పేరు స్థిరపడేనాటికి ఢిల్లీలో అసలు ఏ భాషలో మాట్లాడాలన్నదే పెద్ద తగాదాగా ఉంది. హిందుస్తానీ పేరుతో చదివే వార్తల్లో ఉర్దూ మాటలు ఎక్కువయ్యాయని ఒక వర్గం, సంస్కృత పదాలు చొరబడుతున్నాయని మరో వర్గం ఏళ్ల తరబడి ఫిర్యాదు చేశాయి. తెలుగువారి సంగతికి వస్తే, 1938లో ఆరంభమైన మద్రాసు కేంద్రం తమిళంతో పాటు తెలుగుకూ చోటిచ్చింది. పిల్లలు రేడియో అన్నయ్య అని పిలుచుకున్న న్యాయపతి రాఘవరావుగారి గొంతు మొదట వినిపించింది అక్కడి నుంచే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి, దేశ విభజన తరువాత భారతదేశం వైపు మిగిలినవి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచ్చి, లక్నో అనే ఆరు కేంద్రాలు మాత్రమే. తెలుగు గడ్డ మీద ఆకాశవాణి సొంత కేంద్రం విజయవాడలో 1948 డిసెంబరు 1న వచ్చింది. నిజాం సంస్థానపు దక్కన్ రేడియో 1950లో హైదరాబాదు కేంద్రంగా కలిసింది. ఆ రేడియో ఉర్దూకు పెద్దపీట వేస్తూనే తెలుగు, మరాఠీ, కన్నడాలను కూడా వినిపించేది కనుక బహుభాషా ప్రసారం హైదరాబాదుకు అప్పటికే కొత్త కాదు. భాషా ప్రాంతానికొక కేంద్రం ఉండాలి, దాని ట్రాన్స్‌మిటరు ఆ ప్రాంతమంతటా వినిపించేంత బలంగా ఉండాలి అన్న పట్టుదల వల్లనే సరిహద్దుల్లో ఉండే నాబోటి వారికి నాలుగు భాషలు ఒకే పెట్టెలో దొరికాయి.

నన్ను ఈ పెట్టెకు శాశ్వతంగా కట్టిపడేసిన రాత్రి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆకాశవాణి 1956లో నాటకాల అఖిల భారత కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఏదో ఒక భారతీయ భాషలోని మంచి నాటకాన్ని తక్కిన భాషల్లోకి అనువదించి, నెలకొక గురువారం రాత్రి 9.30 గంటలకు అన్ని కేంద్రాలూ తమ తమ భాషల్లో ఒకేసారి ప్రసారం చేయడం దాని పద్ధతి. 1980లలో అలాంటి ఒక గురువారం నేను విజయవాడలో నాటకం వింటున్నాను. దూరదేశంలో ఉన్న కొడుకు ఉత్తరం కోసం ఎదురుచూసే తల్లి కథ అది. మధ్యలో విజయవాడ ధ్వని అలలా తగ్గిపోవడంతో, మళ్లీ పుంజుకునేలోపు ఏమైనా విందామని ముల్లును కిందికి జరిపాను. 720 దగ్గర ఒక స్త్రీ తమిళంలో ఏడుస్తోంది. నెల్లూరులో పుట్టినవాళ్లకు తమిళం చెవికి పరాయిది కాదు కనుక రెండు వాక్యాలు వినేసరికి విషయం అర్థమైంది. ఆమె అదే తల్లి. ఉత్తరం వచ్చేసింది, అందులో ఉన్నది కొడుకు మరణవార్త.

గబగబా 837కు తిరిగి వచ్చాను. విజయవాడ పుంజుకుంది. ఇక్కడి తల్లి ఇంకా వాకిట్లోనే ఉంది, తపాలా బంట్రోతు వీధి మలుపు కూడా తిరగలేదు. తమిళ తల్లికి తెలిసిపోయిన సంగతి తెలుగు తల్లికి ఇంకా తెలియదు, నాకు మాత్రం తెలుసు. అక్కడి నుంచి 612కు వెళితే కన్నడంలో పొరుగింటి ముసలాయన ఆ తల్లికి ధైర్యం చెబుతున్నాడు. అది తెలుగులో నేను అంతకుముందే విన్న ఘట్టం. మూడు కేంద్రాలూ ఒకే నిమిషాన తెర ఎత్తినా, ఒక్కో భాషలో వాక్యం పట్టే నిడివి, ఒక్కో నటి తీసుకునే విరామం వేరు కావడంతో అరగంట గడిచేసరికి కథ మూడు చోట్ల మూడు దశల్లో ఉంది. చెన్నైవారు సంభాషణను చకచకా నడిపించారు. విజయవాడ నటి ప్రతి ప్రశ్నకూ ముందు ఒక నిశ్శబ్దం పాటించింది. బెంగళూరువారు తలుపు చప్పుడుకు, అడుగుల సవ్వడికి ఎంత శ్రద్ధ పెట్టారంటే కన్నడం అప్పటికి సగమే తెలిసిన నాకు ఇల్లంతా కనిపించింది. తెలుగు తల్లి చేతికి ఉత్తరం అందే క్షణం వచ్చేసరికి నేను పూర్తిగా 837 దగ్గరే ఆగిపోయాను. ఆమె చదవడం మొదలుపెట్టకముందే నా కళ్లు తడిశాయి.

ఆ తరువాత చాలాకాలం పాటు గురువారం రాత్రులు నాకు అలాగే గడిచాయి. కన్నడం నేను బడిలో నేర్చుకోలేదు. తెలుగులో విన్న నాటకాన్నే 612 దగ్గర మళ్లీ పట్టుకోవడం వల్ల పట్టుబడింది. గణతంత్ర దినోత్సవానికి ముందు రాత్రి, జనవరి 25న వచ్చే సర్వభాషా కవి సమ్మేళనం కోసం కూడా అంతే ఆసక్తితో ఎదురుచూసేవాణ్ణి. అందులో ప్రతి భాషకూ ఒక కవి ఉంటాడు, ఆ కవితకు తెలుగు అనువాదం మన కేంద్రాల నుంచి వినిపిస్తుంది.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని సవరణలు చేయక తప్పదు. భాషలు పక్కపక్కన వినిపించిన మాట నిజమే గానీ అవి ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకున్నది తక్కువ. కన్నడ నాటకం తెలుగుకు రావాలన్నా, ఒడియా కవిత తెలుగు కావాలన్నా చాలావరకు ఢిల్లీ మీదుగా, హిందీ పాఠం ఆధారంగా రావలసిందే. బళ్లారికీ అనంతపురానికీ మధ్య ఉన్న దూరం ఎంత? అయినా ఆ రెండు ఊళ్ల భాషలు ఢిల్లీ చుట్టూ తిరిగి కలుసుకునే ఏర్పాటు నాకు ఎప్పుడూ రుచించలేదు. అలా రెండుసార్లు మారిన వాక్యాల్లో మూలంలోని నుడికారం నిలవడం అరుదు. నేను పైన పొగిడిన నాటకంలో సైతం ముసలాయన మాటలు ఏ ఊరివో చెప్పలేనంత నున్నగా ఉన్నాయి.

తెలుగులోనూ అన్ని తెలుగులకూ సమానమైన చోటు దొరకలేదు. తెలంగాణ పలుకు, ఉత్తరాంధ్ర యాస పొలం పనుల కార్యక్రమాల్లో, కార్మికుల కార్యక్రమాల్లో హాయిగా వినిపించేవి. వార్తలకూ గంభీరమైన ప్రసంగాలకూ వచ్చేసరికి అవి గుమ్మం దగ్గరే ఆగిపోయేవి. 23 భాషలు, 179 మాండలికాలు అని సంస్థ చెప్పుకునే లెక్క గొప్పదే. కానీ ఆ మాండలికాల్లో అనేకానికి దక్కేది కొద్దిపాటి సమయమే. ఆదిలాబాదు కేంద్రం గోండి భాషకు చోటివ్వడం వంటి ప్రయత్నాలు నాకు ఎంతో విలువైనవిగా తోస్తాయి, అందుకే అవి ఇంకా విస్తరించాలని కోరుకుంటాను. ఇక వార్తల స్వతంత్రత గురించి నేను ఎక్కువ ఆశ పెట్టుకోను. ఆకాశవాణిని ప్రభుత్వ శాఖ చేతి నుంచి ప్రసార భారతి అనే స్వయంప్రతిపత్తి గల సంస్థకు అప్పగించడం కోసం 1990లో చేసిన చట్టం అమలులోకి రావడానికే 1997 వరకు ఆగవలసి వచ్చింది. సినిమా పాటలను తగ్గించాలని 1950లలో సమాచార ప్రసార మంత్రి కేస్కర్ పట్టిన పట్టు వల్ల శ్రోతలు ఆ పాటలు వినిపించే శ్రీలంక కేంద్రం రేడియో సిలోన్‌కు తరలిపోవడం, 1957లో వినోద కార్యక్రమాల కోసం వివిధ భారతి పెట్టి వారిని వెనక్కి రప్పించుకోవడం అందరికీ తెలిసిన కథే. శ్రోతకు ఏది మంచిదో ఢిల్లీయే నిర్ణయించడం ఈ సంస్థకు పాత అలవాటు.

వినే అనుభవంలో నాకు ఎదురైన అతి పెద్ద ఆటంకం మాత్రం ప్రసారకుల వైపు నుంచి రాలేదు. కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం బ్యాండు మొత్తం ఒక్కసారిగా గరగరగా మారిపోయింది. విజయవాడ లేదు, బెంగళూరు లేదు, ఎప్పుడూ గట్టిగా పలికే చెన్నై కూడా నురగలో మునిగినట్టు వచ్చింది. సెట్టు పాడయిందనుకుని బాగుచేయించాను, ఫలితం లేదు. చివరికి బ్యాటరీలు వేసుకుని రేడియోను పట్టుకుని పెరట్లోకి, అక్కడి నుంచి పొలం గట్టు వైపుకు నడిస్తే గోల తగ్గుతూ వచ్చి, గట్టు మీద పూర్తిగా పోయింది. కారణం వీధి పొడవునా కొత్తగా పెట్టిన ఎల్‌ఈడీ దీపాలు, ఇళ్లలో పెరిగిన ఛార్జర్లు. వాటిలోని చవకరకం విద్యుత్ సరఫరా పెట్టెలు విడుదల చేసే విద్యుత్ రొద మీడియం వేవ్ మీదనే పడుతుంది. రేడియో లోపల యాంటెన్నాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ, తన కొస ఏ దిక్కుకు చూపితే ఆ దిక్కు నుంచి వచ్చే సంకేతాన్ని దాదాపు వినదు. ఆ గుణాన్ని ఉపయోగించుకుని, సెట్టును మెల్లగా తిప్పుతూ రొద వచ్చే దిక్కుకు కడ్డీ కొసను పెట్టడం నేర్చుకున్నాక ఇంట్లోనే విజయవాడ మళ్లీ దొరికింది. అయితే రొద, కేంద్రం ఒకే దిక్కున ఉంటే ఈ ఉపాయం పనికిరాదు. మా ఇంట్లో బెంగళూరు పరిస్థితి ఇప్పుడు అదే.

ఇప్పుడు సంస్థ ఎఫ్ఎం వైపు, మొబైల్ యాప్ వైపు మళ్లుతోంది, పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఒక్కొక్కటిగా ఆగిపోతున్నాయి. ఎఫ్ఎంలో ధ్వని ఎంతో శుభ్రంగా ఉంటుంది, కాని ఆ తరంగం ఒక జిల్లా దాటి వెళ్లడం కష్టం. పొరుగు భాష పొరుగునే ఆగిపోతుంది. యాప్‌లో దేశంలోని ఏ మూల కేంద్రమైనా దొరుకుతుందన్నది నిజమే, ఊరు విడిచి వెళ్లిన వారికి అది వరమే, ప్రయాణాల్లో నేనూ దానినే వాడుతున్నాను. కాని అక్కడ కేంద్రం పేరు చూసి ఎంచుకోవాలి. నేను ధార్వాడ అని వెతికే మనిషిని కావడానికి ముందు ధార్వాడే నాకు తగిలింది. పైగా ఒక్కో కేంద్రపు ప్రసారం యాప్‌లో ఒక్కో ఆలస్యంతో వస్తుంది కనుక, ఆ గురువారం రాత్రి నేను చేసినట్టు మూడు భాషల మధ్య ఒకే క్షణంలో తిరగడం అందులో కుదరదు.

కాబట్టి నా సిఫారసు షరతులతో కూడినది. నగరంలో, అపార్టుమెంటులో ఉండేవారు మీడియం వేవ్ కోసం కొత్త సెట్టు కొనడం వృథా కావచ్చు. వారికి యాప్ చాలు. రెండు రాష్ట్రాల సరిహద్దుకు దగ్గరగా, విద్యుత్ రొద తక్కువగా ఉన్న చోట నివసించేవారు, పక్క భాష కొంతైనా చెవిన పడి పెరిగినవారు మాత్రం ఒక మామూలు ట్రాన్సిస్టరును రాత్రి తొమ్మిది దాటాక నెమ్మదిగా తిప్పి చూడవలసిందని కోరుతున్నాను. ఉన్న ట్రాన్స్‌మిటర్లలో ఇంకెన్ని ఎంతకాలం నడుస్తాయో తెలియదు కనుక, ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయకపోవడం మంచిది.